మంచు ఒడ్డు వదిలిన సరస్సు

ఈ సంగతి జరిగినప్పుడు నాకు రాయడం రాదు. మా ఊళ్ళో ఆడపిల్ల ఒళ్ళోకి పలక కంటే ముందు బీడీల చాట వచ్చేది. ఏడెనిమిదేళ్ళకే నాకు తునికాకు కత్తిరించడం వచ్చింది. బడికి పోయే పిల్లలు మా అరుగు ముందు నుంచి అరుచుకుంటూ పోతుంటే నేను తంబాకు నింపి, ఆకు చుట్టి, దారం కట్టేదాన్ని. తర్వాత పెళ్ళయింది. మా ఆయన వంట మాస్టర్. ఆయన వెంట హైదరాబాదు హోటళ్ళకు, అక్కడి నుంచి ఎడిసన్‌లో ఒక రెస్టారెంట్ వంటింటికి వచ్చాను. ఎక్కడికి వెళ్ళినా నేను చేసేది ఉల్లిపాయలు తరగడం, మసాలా నూరడం, గిన్నెలు తోమడం. వాటికి అక్షరాలు అక్కర్లేదు. సంతకం పెట్టాల్సిన చోట ఆయన చూపించిన గీతలు గీసేదాన్ని.

యాభై దాటాక నేర్చుకున్నాను. అప్పటికి మేం టెక్సాస్ వచ్చేశాం. ఫ్రిస్కోలో ఉండే మా వదిన మనవరాలు ఆదివారం తెలుగు క్లాసుకు వెళ్ళేది. ఇంట్లో ఆ పిల్ల పక్కన కూర్చుని వల్లెవేయించమని నన్ను పెట్టారు. అక్షరం చూసి ఇది ఫలానా అని ఆ పిల్ల చెప్పేది, దాన్ని నోటితో ఎలా పలకాలో నేను చెప్పేదాన్ని. ఇద్దరం కలిస్తే ఒక పాఠం పూర్తయ్యేది. అలా రెండేళ్ళకు నా అంతట నేను రాయగలిగాను. ఏం రాయాలో ఎప్పటి నుంచో తెలుసు.

ఈ సంగతి జరిగినప్పుడు మేం కొలరాడోలో, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఎడిసన్‌లో మా ఆయన చేతి వంట తిన్న ఒకాయన అక్కడ రెస్టారెంట్ పెట్టి మమ్మల్ని పిలిపించుకున్నాడు. చలికాలమంతా మంచు మీద జారే ఆటకు జనం వచ్చిపడేవాళ్ళు. తల ఎత్తడానికి తీరిక ఉండేది కాదు. ఏప్రిల్‌లో ఆట ఆగిపోయిన మర్నాడే ఊరు ఖాళీ అయిపోయింది. రెస్టారెంట్‌కు తాళం వేసి, జూన్‌లో తెరుద్దామని చెప్పి, ఓనరు వాళ్ళ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు. మేం దాని పైగదుల్లో ఉన్నాం. ముప్పై ఏళ్ళలో మా ఆయనకు అంత ఖాళీ దొరకడం అదే మొదలు.

ఆయన పుట్టింది చెరువు కట్ట కింది ఇంట్లో. గాలం పట్టుకున్నాకే అన్నం ముద్ద పట్టుకున్నాడని మా వదిన అనేది. ఖాళీ దొరికిన మూడో రోజుకే వంతెన దగ్గరి షాపులో చేపలు పట్టే లైసెన్సు, గాలం కర్ర, ఒక డబ్బాలో వానపాములు కొనుక్కొచ్చాడు. వానపాములు డబ్బు పెట్టి కొన్నందుకు ఆ రోజంతా గొణిగాడు.

ఏప్రిల్‌లో ఆ నది చాలా నెమ్మదిగా ఉండేది. రెండు ఒడ్డుల మీదా మంచు, మధ్యలో అడుగు రాళ్ళు లెక్కపెట్టొచ్చేంత తేట నీళ్ళు. చెయ్యి పెడితే మణికట్టు దాకా నొప్పి. అంత చల్లటి నీళ్ళల్లో ట్రౌట్ చేప పెద్దగా కదలదు. వంతెన కింద లోతు మడుగులో, నేలకు ఆనుకుని నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఎర దాని నోటి ముందుకే పోవాలి. అదీ మెల్లగా పోవాలి. పొద్దున్నే పోయి లాభం లేదని మా ఆయన రెండు రోజుల్లో తెలుసుకున్నాడు. మధ్యాహ్నం ఎండ నీళ్ళ మీద పడి, వాటి చలి కాస్త విరిగాక, రెండు మూడు గంటల సేపు పడేవి. జానెడు, జానెడున్నర ఉండేవి. ఒంటి మీద చుక్కలు, పొలుసు ఉందా లేదా అన్నట్టు ఉండే నున్నటి చర్మం. వేయిస్తే మెత్తగా ఉండేవి, మన కొర్రమట్టలా నోటికి తగిలేవి కావు. అయినా చేప చేపే కదా.

ఆ రోజుల్లోనే వదిన ఫోన్ చేసింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. వాళ్ళమ్మ కూలికి పోతే ఆయన్ని చంకన వేసుకుని పెంచింది ఆమే. కూతురి దగ్గర ఫ్రిస్కోలో ఉండేది. ముందటి దసరా దాటాక ఆమె భర్త పోయాడు. వరసకు నాకు అన్న. మా ఆయన విమానం ఎక్కి వెళ్ళి, దహనం చూసి, రెండో రోజుకే వచ్చేయాల్సి వచ్చింది. రెస్టారెంట్‌లో ఇంకో మాస్టర్ లేడు. నేను వెళ్ళనే లేదు.

మాలో ఒక పద్ధతి ఉంది. భర్త పోయిన ఆడమనిషిని పుట్టింటివాళ్ళు తమ ఇంటికి తీసుకుపోయి నిద్ర చేయిస్తారు. ఒక నిద్రో, మూడు నిద్రలో. ఆ నిద్రకు నీసు, చేపో మాంసమో, వండి, అన్నో తమ్ముడో మొదటి ముద్ద నోట్లో పెడతాడు. అప్పటి దాకా ఆమె నీసు ముట్టదు. మామూలుగా ఇదంతా నెలలోపే అయిపోతుంది. వదినకు పుట్టింటివాళ్ళంటే మిగిలింది మా ఆయన ఒక్కడే. ఆయనకు చలికాలమంతా కుదరలేదు. ఆమె అప్పటి నుంచి ఏప్రిల్ దాకా మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టలేదు.

"మీకు ఇప్పుడు పని లేదు గద తమ్మీ, నిద్రకొస్త," అన్నది ఫోన్‌లో. కోడి కోయొద్దు, మటన్ తేవొద్దు అన్నది. వాళ్ళ ఇంట్లో నిద్రకు ఎప్పుడూ చేపే, ఇంటివాళ్ళు పట్టిన చేపే. "నువ్వు పట్టింది పెట్టు. కొన్నది నాకు వద్దు."

మా ఆయన సంతోషం చూడాలి. మే చివర్లో రమ్మన్నాడు. ఎండలు ముదిరితే చేప ఇంకా బాగా పడుతుందని ఆయన లెక్క.

ఆ సాయంత్రమే వదిన కూతురు నాకు విడిగా ఫోన్ చేసింది. "అత్తా, అమ్మ బాగా వెయిట్ లాస్ అయింది. డాక్టర్ ప్రోటీన్ తినాలన్నడు. గుడ్డు పెడితే పక్కకు నెట్టేస్తది. మామయ్యకు దొరక్కపోతే షాప్‌ల సాల్మన్ కొని, రివర్‌ల పట్టిన అని చెప్పమను. ప్లీజ్ అత్తా, ఈసారి తినకుండ మాత్రం పంపొద్దు." మా ఆయనకు చెప్తే నవ్వాడు. అక్కకు కళ్ళు కట్టి పెట్టినా అది ఏ నీళ్ళ చేపో చెప్తుందన్నాడు. నవ్వాడు కానీ, వెయిట్ లాస్ అన్న మాట దగ్గర నవ్వు ఆపేసి, ఎంత తగ్గిందట అని రెండుసార్లు అడిగాడు.

మేలో ఎండలు నిజంగానే ముదిరాయి. ఒక వారం కోటు లేకుండా తిరిగాం. కొండల మీద తెల్లదనం పై నుంచి కిందికి చిరుగుతూ వచ్చింది. ఆ వారంలో నది గొంతు మారింది. ముందు గలగలమనేది, తర్వాత హోరు మొదలైంది. నీళ్ళు పొద్దున కాస్త తగ్గి, సాయంత్రానికి పెరిగేవి. పగలు కరిగిన మంచు కొండ దిగి మా ఊరు చేరేసరికి సాయంత్రమయ్యేది. రంగు మొదట ఆకుపచ్చగా మారింది, తర్వాత మట్టి రంగు. ఒడ్డు పొదలు నీళ్ళలో మునిగి తలలాడిస్తుండేవి.

మా ఆయన వంతెన మీద నిలబడి ఆ నీళ్ళను చూసి చేతులు రుద్దుకున్నాడు. మన వైపు తొలకరికి వాగులో ఎర్రనీళ్ళు వస్తే, చెరువు నిండి మత్తడి దుంకితే, చేపలు ఆ కొత్తనీళ్ళకు ఎదురెక్కి వస్తాయి. జనం బుట్టలు, చీరకొంగులు పట్టుకుని పరిగెత్తుతారు. ఆయనకు తెలిసిన నీళ్ళ భాష అది. నాకు తెలిసిందీ అదే. ఇక గాలం కూడా అక్కర్లేదేమో అన్నాడు.

వదిన వచ్చిన రోజు డెన్వర్ నుంచి షటిల్ బస్సు మధ్యాహ్నానికి దిగింది. ఆమెను చూసి గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది. కూతురి కోటు వేసుకుంది, అందులో ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. మెడ సన్నబడింది. నోరు మాత్రం తగ్గలేదు. కార్ వంతెన ఎక్కగానే అద్దం దించి కిందికి చూసి, "ఏంది తమ్మీ, మీ ఊళ్ళె వాగుల చాయ్ పారుతదా?" అన్నది.

"కొత్తనీరు అక్కా. మత్తడి దుంకినట్టే. రేపటికల్ల నీ పళ్ళెంల చేపే."

"పడితె సరే. పడకపోతె పప్పు వండుండ్రి. నాకేం తొందర లేదు."

ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

మూడు నిద్రలని అనుకున్నాం. మొదటి సాయంత్రం ఆయన ఒక్కడే వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు. మర్నాడు ముగ్గురం వెళ్ళాం. నది పక్కన మాట వినిపించడం లేదు, అరిచి చెప్పుకోవాలి. కొమ్మలు, వేర్లు, ఒకసారి ఒక పెద్ద మాను, నీళ్ళలో మొగ్గలు వేసుకుంటూ పోయాయి. గాలం వేస్తే సీసం గుండు నిలవదు, ఎర నేలకు చేరకముందే పది గజాలు కొట్టుకుపోతుంది. గుండు మీద గుండు కట్టాడు. అది రాళ్ళ సందుల్లో ఇరుక్కుని తీగ తెగింది. మళ్ళీ కట్టాడు. కొమ్మ పట్టుకుంది. లాగి ఒడ్డున పడేశాడు.

"జమ చెయ్యి తమ్మీ," అన్నది వదిన. "పొయ్యిలకు పనికొస్తయ్."

"మాది కరెంటు పొయ్యక్కా."

"అయితె ఇంక దేనికిరా ఈ కట్టెలు పట్టుడు?"

ఆయన నవ్వలేదు. మధ్యాహ్నం నన్ను తీసుకుని వంతెన దగ్గరి షాపుకు వెళ్ళాడు. అక్కడుండే ముసలాయన మా గుండ్లు, తెగిన తీగ చూసి, ఈ రంగు నీళ్ళల్లో చేపకు తన ముక్కు ముందున్నది కూడా కనపడదన్నాడు. మంచునీళ్ళు ఇలా దిగినన్నాళ్ళు చేపలు రాళ్ళ చాటున, ఒడ్డు కింద దాక్కుని నీళ్ళ దెబ్బ తప్పించుకుంటాయట, తిండి సంగతి తర్వాతట. కొండ మీద మంచు అయిపోయే దాకా, అంటే జూన్ సగం దాటే దాకా, ఈ నదిని మరిచిపొమ్మన్నాడు. పైకి వెళ్ళండి, సరస్సుల మీద మంచుగడ్డ ఇప్పుడే విడుతోంది అన్నాడు. మా ఆయన సగం విన్నాడు. జూన్ సగం అనగానే ఆయన ముఖం వాడిపోయింది. బయటికి వచ్చి, చేప పడని కాలంలో పురుగులు అమ్ముతాడు, వీడి మాట ఏం నమ్మాలి అన్నాడు. కానీ ఆ సాయంత్రం నదికి వెళ్ళలేదు.

మన తొలకరి నీళ్ళు వెచ్చగా ఉంటాయి. అవి చేపకు తిండి మోసుకొస్తాయి. ఇక్కడి కొత్తనీరు ముందు రోజు దాకా మంచుగడ్డ. రెండూ మట్టి రంగే అయినా ఒకటి కాదు. రమ్మని రోజు చెప్పేటప్పుడు మా ఇద్దరిలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. ఏడాది మొత్తంలో ఆ నది చేపను ఇవ్వని రోజులను ఏరి మరీ అక్కను పిలిచాం.

ఆ పూట వదిన, నేను వంటింట్లో మెంతికూర ఏరుతూ కూర్చున్నాం. ఆమె హుషారుగా ఉంది. ముందటి రాత్రి కూడా అంతే, పప్పు వడ్డిస్తే మారు అడిగి తిన్నది, వాళ్ళాయన కొత్త అల్లుడిగా వచ్చి చెరువులో జారిపడ్డ సంగతి చెప్పి నవ్వించింది. చేప పడని పూటల్లో ఆమె తేలికగా ఉంటోందని నాకు అప్పుడు అనిపించింది. అడిగేశాను. చేప దొరక్కపోతే మంచిదే అనుకుంటున్నట్టున్నవ్ వదినె అన్నాను.

ఆమె కాడలు తుంచుతూనే ఉంది.

"నేను ఇట్ల ఉన్నన్ని దినాలు మీ అన్న ఇంక ఇంట్లనె ఉన్నట్టుంటది పిల్లా," అన్నది. "తమ్ముడు ముద్ద పెట్టిన నాడు ఆయన పోయినట్టు. ఇగ అయిపోయినట్టు."

"మరి ఎందుకొచ్చినవ్?"

"బిడ్డ ఏడుస్తుంది. తమ్ముడు ఎదురుచూస్తుండు. రాకుంట ఎట్లుంట?"

ఇది మా ఆయనకు చెప్పొద్దన్నది. నేను చెప్పలేదు. అయినా ఆ తర్వాత ఆమె కోటులో మునిగిపోయిన మెడ వైపు చూడకుండా ఉండలేకపోయాను. ఆమె ఇలాగే వెళ్ళిపోతే వచ్చే చలికాలం దాటే దాకా మాకు తీరిక దొరకదు.

మూడో రోజు పొద్దున మా ఆయన షాపు ముసలాయన మాటే విన్నాడు. కొండ రోడ్డు మీద గేటు అంతకు ముందు వారమే తెరిచారట. కార్ మలుపులు తిరుగుతూ గంట సేపు ఎక్కింది. చెట్ల కింద ఇంకా మంచు మేటలున్నాయి. రోడ్డు ఆగిన చోట దిగి నడవాలి. వదినను కార్‌లో కూర్చోమంటే వినలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కూతురు కొనిచ్చిన స్పోర్ట్స్ షూస్‌తో మా ఇద్దరి మధ్య నడిచింది. అంత ఎత్తులో ఊపిరి ఆడటం కష్టం. పది అడుగులకోసారి ఆగి, చెట్లను చూస్తున్నట్టు నటించేది. మెత్తటి మంచులో మోకాలి దాకా దిగబడినప్పుడు మాత్రం, నిద్రకని పిలిచి పాతిపెడ్తున్నరా అన్నది.

చెట్లు దాటగానే సరస్సు కనిపించింది. నేను నీళ్ళు ఉంటాయనుకున్నాను. మధ్యలో అంతా మంచుగడ్డే. తెల్లగా కాదు, పాత సత్తు గిన్నె రంగులో, అక్కడక్కడ నల్లబడి, నీళ్ళు తాగిన అట్టలా ఉంది. అది ఒడ్డును వదిలేసింది. గడ్డకూ నేలకూ మధ్య బండిబాట అంత వెడల్పున తేట నీళ్ళు చుట్టూ తిరిగి ఉన్నాయి. గాలి తోసినప్పుడు గడ్డ అంచులు ఒకదానికొకటి రాసుకుని, గాజుల గలగలలా చప్పుడు చేసేవి. ఒక మూలన కొండ మీది నుంచి సన్నటి కాలువ వచ్చి కలుస్తోంది.

మా ఆయన సరస్సును చూసి మధ్యలోకే గురిపెట్టాడు. పెద్ద చేప లోతులో ఉంటుంది, లోతు గడ్డ కిందే ఉంటుంది అని ఆయన లెక్క. గాలం బలంగా విసిరాడు. ఎర పోయి మంచుగడ్డ మీద కూర్చుంది. మెల్లగా లాగితే అంచు నుంచి జారి నీళ్ళలో పడింది. ఒకటికి పదిసార్లు అలాగే విసిరాడు. కొన్నిసార్లు నీళ్ళలో, కొన్నిసార్లు గడ్డ మీద.

"ఆ పురుగు చలికి వణుకుతుంది తమ్మీ. దానికో కోటు కుట్టియ్యి," అన్నది వదిన. ఆమె కాలువ కలిసే చోట ఒక నల్లబండ మీద కూర్చుంది. ఎండకు ఆ బండ వెచ్చగా ఉంది.

పొద్దు నడినెత్తి దాటింది. నేను ఫ్లాస్కులోంచి చాయ్ పోసి వదినకు ఇచ్చాను. ఆమె తీసుకోలేదు. నా వైపు చూడను కూడా లేదు. ఆమె కళ్ళు నీళ్ళ మీద ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిచాయి, ఆగాయి, మళ్ళీ కుడి నుంచి ఎడమకు వచ్చాయి. గడపలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళను చూసినట్టు చూస్తోంది. ఏం చూస్తోందా అని నేనూ వంగాను.

చేపలు. ఆమె కాళ్ళకు చేయి చాపినంత దూరంలో, మోకాలి లోతు కూడా లేని నీళ్ళల్లో, నల్లటి వీపులతో, ఒకదాని వెనక ఒకటి. రాళ్ళ మీదుగా మెల్లగా వెళ్ళి, కాలువ నీళ్ళు కలిసే చోట ఒక క్షణం ఆగి, ఏదో నోటితో అందుకుని, వెనక్కి తిరిగి వస్తున్నాయి. చలికాలమంతా గడ్డ కింద ఉండి, ఎండ తగిలి ముందుగా వెచ్చబడిన ఆ అంచుకు తిండికి వచ్చాయి. మా ఆయన వాటి మీదుగా అవతలికి విసురుతున్నాడు.

నేను పిలవబోయాను. వదిన నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు. నేను నోరు మూసుకున్నాను.

ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. చాయ్ చల్లారిపోయింది. చేపలు వస్తూ పోతూనే ఉన్నాయి. నాకు కోపం వచ్చింది, ఆ కోపం పోయింది, మళ్ళీ వచ్చింది. ఫోన్‌లో వదిన కూతురి గొంతు గుర్తొచ్చింది. చెయ్యి విడిపించుకోవడం పెద్ద పని కాదు, ఆమె చేతిలో అంత బలం లేదు. కానీ ఆమె పట్టుకుని ఉన్నది నేను పిలిచి తెంచాల్సింది కాదనిపించింది.

మా ఆయన గాలం కర్ర కింద పెట్టాడు. తడి తీగ పట్టి పట్టి ఆయన వేళ్ళు నీలంగా అయ్యాయి. కొత్త ఎర గుచ్చబోతే వేళ్ళు వంగలేదు, పురుగు జారి రాళ్ళలో పడింది. దాని కోసం మోకాళ్ళ మీద వెతికాడు. దొరకలేదు. అక్కడే కూలబడి రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. మా వైపు తిరగలేదు. తందూరీ పొయ్యి ముందు కాలి మచ్చలు పడ్డ ఆ చేతులు నీళ్ళ చలికి వణకడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. వదిన చూసింది. చాలాసేపు ఆయన వీపునే చూసింది. నా మణికట్టు మీద ఆమె చెయ్యి కొంచెం బిగిసి, తర్వాత వదులైంది.

"తమ్మీ," అని పిలిచింది. "గంత దూరం ఎందుకు ఇసురుతున్నవ్? ఇగో, ఈడ నా కాళ్ళ కాడనే ఉన్నయ్."

ఆయన తల తిప్పాడు. లేచి నాలుగడుగులు వేసి, ఆగి, వంగి, తర్వాత పిల్లవాడిలా పాకుతూ వచ్చాడు. నీడ పడితే చెదిరిపోతాయి. బండ చాటు నుంచి చూసి నోరు తెరిచాడు.

"ఎప్పటిసంది ఉన్నయక్కా?" గుసగుసగా అడిగాడు.

"నువ్వు సూడనప్పటిసంది."

గుండు తీసేశాడు. ఉత్త గాలానికి ఎర నేనే గుచ్చి ఇచ్చాను. కర్ర ముందుకు చాపి, విసరకుండా, తీగను కాలువ నీళ్ళ మీద వదిలాడు. అది తనంతట తాను కొట్టుకుపోయి వాటి దారిలో పడింది. మొదటి చేప పట్టించుకోకుండా పోయింది. రెండోది ఆగింది. కర్ర కొస వంగింది.

అలా రెండు పట్టాడు. మూర కన్నా కొంచెం తక్కువ ఒకటి, దాని చెల్లెలి లాంటిది ఇంకొకటి. మూడో దానికి వేయబోతే వదిన చాలన్నది. అప్పటికే అవతలి కొండ మీద మబ్బు పట్టి ఉరుము వినిపించింది. దిగి వచ్చేశాం. దారిలో ఆమె మంచులో దిగబడినా ఏమీ అనలేదు.

కింద రెస్టారెంట్ వంటింట్లో మా ఆయన కత్తి తీసుకోబోతే వదిన ఒప్పుకోలేదు. హోటల్ వంట నాకొద్దు, నా మరదలు వండాలె అన్నది. పొట్ట చీరితే లోపలి కండ పండిన బొప్పాయి రంగులో ఉంది. నది చేపకు అంత రంగు లేదు. చింతపండు పులుసు మరిగించి, మెంతిపొడి వేసి, ముక్కలు చివర్లో దించాను. అది మెత్తటి చేప, మన చేపలంతసేపు ఉడికితే విడిపోతుంది. గరిట పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పాను.

చీకటి పడకముందే పీటలు వేశాం. మా ఆయన స్నానం చేసి వచ్చాడు. అక్క ఎదురుగా కూర్చుని, ముల్లు వెతికి వెతికి తీసి, అన్నంలో కలిపి ముద్ద చేశాడు. ఆయన చెయ్యి ఆమె నోటి దాకా వెళ్ళి ఆగింది. ఆమె కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

ముద్ద చాలాసేపు బుగ్గనే ఉంది. చివరికి మింగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఉప్పు తక్కువైంది పిల్లా," అన్నది.

నేను తెస్తానని మా ఆయన లేచాడు. తను రోజూ వండే వంటింట్లో ఉప్పు డబ్బా వెతకడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. వచ్చేసరికి వదిన పళ్ళెం దగ్గరికి లాక్కుని తన చేత్తో తినడం మొదలుపెట్టింది. తల ముక్క కూడా అడిగింది.

నిద్ర చేసిన మనిషి మర్నాడు సూర్యుడు రాకముందే, పోయొస్తానని చెప్పకుండా గడప దాటాలి. మా వైపు అదే పద్ధతి. మా ఆయన చీకటితోనే లేచి, ఆమె బ్యాగు కార్‌లో పెట్టి, తాళం చెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రోజూ నాలుగింటికే లేచి కూర్చునే వదిన ఆ పొద్దున లేవలేదు. తలుపు తీసి చూశాను. రెండు మోకాళ్ళూ పొట్టలోకి ముడుచుకుని, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నగా గురక పెడుతోంది. కొండ మీద వెలుతురు వస్తోంది, లేపమని ఆయన సైగ చేశాడు. షటిల్ వెళ్ళిపోతుందన్నాడు. ఫోన్ చేసి రేపటికి మార్చమన్నాను.

"మూడు నిద్రలు అయినయ్ గదనే. లెక్క తప్పుతది," అన్నాడు.

"పుట్టింటి నిద్రలు మూడూ అయినయ్," అన్నాను. "ఇది మరదలింటి నిద్ర."

ఆయన బ్యాగు తేవడానికి కిందికి వెళ్ళాడు. ఆ గదిలో కర్టెన్ కిటికీ కన్నా పొట్టి. కింది సందులోంచి ఎండ నేల మీద పడి, మంచం వైపు పాకుతోంది. నేను చప్పుడు చేయకుండా నా శాలువా తీసి ఆ సందుకు అడ్డంగా కట్టాను.